ఎంతసేపు మోస్తాది?

పోయిన నెల మా తమ్ముడి కొడుకు పాత కారొకటి కొని, దాంట్లో స్పీకర్లు మూగబోయాయని నన్ను వెంటబెట్టుకుని బెంగళూరులో ఒక అంగడికి తీసుకెళ్ళాడు. అంగడతను ఒక అట్టపెట్టె బల్లమీద పెట్టి, "నాలుగు వందల వాట్లు సార్, అద్దాలు అదురుతాయి" అన్నాడు. ఆ అంకె పెట్టె మీద అరచేతంత ఉంది. నేను పెట్టె తిరగేసి, కళ్ళద్దాలు తుడుచుకుని, వెనకవైపు మూలన ఉన్న సన్నక్షరాల్లో వెతకడం మొదలుపెట్టాను.

"నాలుగు వందలు ఎంతసేపు మోస్తుంది?" అని అడిగాను.

అతను మావాడి ముఖం చూశాడు. మావాడు నా ముఖం చూశాడు.

నలభై ఏళ్ళ కిందట ధర్మవరంలో ఒకామె ఇదే ప్రశ్న అడిగినప్పుడు నేనూ అలాగే తెల్లముఖం వేశాను. ఆమె పోయి చాలాకాలమైంది. పేరు తెలియక కాదు, నేను ఒక్కనాడూ ఆమెను పేరుతో పిలవలేదు. అక్కా అనేవాణ్ణి. ఇక్కడా అంతే.

అప్పట్లో నేను అనంతపురంలో అంబాసిడర్ టాక్సీ నడిపేవాణ్ణి. పట్టుచీరలకు ధర్మవరం పోయే పెళ్ళివాళ్ళే నా బతుకుతెరువు. ఎనభైల మొదట్లో టాక్సీల్లోకి పాటల సెట్లు వచ్చాయి. స్టాండులో పది కార్లుంటే సెట్టున్న కారు దగ్గరికే పెళ్ళివాళ్ళు వచ్చేవాళ్ళు. నేనూ ఒక సెట్టు బిగించుకున్నాను. దాని గొంతు చాలడం లేదని, శబ్దం పెంచే బూస్టరు పెట్టె ఒకటి తగిలించాను. రెండు నెలలు తిరక్కముందే వెనక సీటు పైనున్న స్పీకరొకటి గరగరమనడం మొదలుపెట్టింది.

ధర్మవరంలో మగ్గాల వీధిలో రేడియోలు బాగుచేసే మేస్త్రి ఉన్నాడని ఎవరో చెబితే వెళ్ళాను. ఇంటి ముందు వరండాలో బల్ల, దాని వెనక ఇస్త్రీ చొక్కా వేసుకున్న సన్నటి మనిషి. చేతిలో స్క్రూడ్రైవరు. నా స్పీకరును రెండు చేతులా పొదివి పట్టుకుని, గుమ్మానికి కట్టిన పాతచీర తెర తీసుకుని లోపలికి వెళ్ళి, ఉత్త చేతులతో తిరిగొచ్చి కూర్చున్నాడు.

తెర వెనక నుంచి ఆడగొంతు వినపడింది. "గరగర ఎప్పుడొస్తాందో అడుగు. పాట పెంచినప్పుడేనా, తగ్గించినా వస్తాందా?"

మేస్త్రి నన్నడిగాడు. నేను మేస్త్రికి చెప్పాను. మేస్త్రి తెరకు చెప్పాడు.

"ఎంత పెంచుతాడో అడుగు."

"మొత్తం తిప్పేస్తా" అన్నాను.

"పాట చినిగేదాకానా?"

ఈసారి నేనే తెరవైపు తిరిగి, "పాట చినగడమేందక్కా?" అన్నాను. "రేపు రాప్పా" అన్నాడు మేస్త్రి.

మరునాటికి స్పీకరు కొత్తదానిలా పలికింది. అది చేతికిస్తూ మేస్త్రి, పాఠం అప్పజెప్పినట్టు ఒక్క గుక్కలో చెప్పాడు: "నీ బూస్టరు పన్నెండు వాట్లు ఇస్తాది. ఈ స్పీకరు పదే మోస్తాది. మార్చేటప్పుడు పదిహేను నిలకడగా మోసేది చూసుకో. పెట్టె మీది పెద్దంకె నమ్మొద్దు, వెనకాల చిన్నంకె చూడు. ఓములు మాత్రం పాతదానికి ఎన్నుంటే అన్నే ఉండల్ల, తక్కువైతే బూస్టరు కాలిపోతాది." నేను తల ఊపాను. బస్టాండు దాటేసరికి మర్చిపోయాను.

మర్చిపోవడానికి కారణం బస్టాండు దగ్గర కొత్తగా తెరిచిన అంగడి. దాని ముందు అద్దాల బీరువాలో ఒక జత స్పీకర్లు, చుట్టూ వెండిరంగు చట్రం, పెట్టె మీద బంగారు రంగులో 'నూరు వాట్లు'. పది ఎక్కడ, నూరెక్కడ! నెల తర్వాత కొనేశాను. ముదిగుబ్బకు పెళ్ళివాళ్ళను తీసుకుపోయిన మూడు రోజులూ నా కారు వస్తోందంటే ఊరి పొలిమేరలోనే తెలిసిపోయేది. మూడోరోజు మధ్యాహ్నం పెళ్ళికొడుకు మేనమామ "ఇంగా పెంచప్పా" అన్నాడు. పెంచాను. లక్క కాలిన వాసన వచ్చింది. ముందు ఎడమది, కాసేపటికి కుడిది ఆగిపోయాయి. మిగిలిన దారంతా పెళ్ళివాళ్ళు ఒకరి ముఖాలొకరు చూసుకుంటూ కూర్చున్నారు.

మళ్ళీ మగ్గాల వీధికి వెళ్ళాను. ఆ రోజు కరెంటు లేదు. వెలుతురు కోసం తెర పైకి కట్టేశారు. వరండాలో మేస్త్రి లేడు. లోపల కిటికీ కింద, నేలమీద ఒకామె కాళ్ళు చాపుకుని కూర్చుని ఉంది. నలభై దాటి ఉంటాయి. ఒళ్ళో గుండ్రటి కొయ్యముక్క. దానికి వెంట్రుకంత రాగితీగను చుట్టు పక్కన చుట్టు పేరుస్తోంది. తీగ కొసను పెదాల మధ్య బిగించి పట్టుకుంది. మగ్గం మీద తెగిన పట్టుపోగును అతికేవాళ్ళు అలాగే పట్టుకుంటారు. నన్ను చూసి కంగారుపడలేదు. చుట్టు పూర్తయ్యేదాకా తలెత్తలేదు కూడా.

"చూసేసినావు కదా, ఇంగ కూర్చో" అంది. "వెలుతురుకి అడ్డం రాకుండా కూర్చో."

కూర్చున్నాను.

"మా ఇంటాయనకి చేతులు వణుకుతాయప్పా. రెండేండ్లయింది. ఈ తీగ పట్టుకోలేడు. నేను నడక రాకముందే పట్టుదారం పట్టినదాన్ని. ఆయప్ప నోటితో చెప్పినాడు, నేను చేత్తో నేర్చుకున్నా. ఆడమనిషి బాగుచేస్తాదంటే ఎవురిస్తారు సామాను? అందుకే ఆయప్ప బయట, నేను లోపల."

నా నూరు వాట్ల స్పీకరును ముందుకు లాక్కుంది. మూడువేళ్ళ కొనలు దాని గరాటు కాగితం మీద ఆనించి, కళ్ళు మూసుకుని, సమంగా కిందికి నొక్కింది. ఎన్నో వందల స్పీకర్లను ఆమె అలా నొక్కి చూడగా చూశాను తర్వాత. పసిబిడ్డ పొట్ట తడిమినట్టుండేది. లోపల ఏదైనా రాసుకుంటుంటే ఆమె కనుబొమ తెలియకుండా లేచేది. తర్వాత టార్చిలైటు సెల్లుకు కట్టిన రెండు తీగలు స్పీకరుకు తాకించింది. బాగున్నదైతే 'టక్' మంటుంది. అప్పుడు "ప్రాణముండాది" అనేది. నాది ఏమీ అనలేదు.

కత్తితో కాగితం కోసి, దాని వెనకున్న రాగితీగ చుట్ట, కాయిలు, బయటికి తీసింది. బొగ్గులా నల్లబడి ఉంది.

"దీన్ని నూరని ఎవురన్నారు?"

"పెట్టె మీద రాసిండాదక్కా."

"నూరు ఎంతసేపు మోస్తాది?"

అప్పుడే నేను తెల్లముఖం వేసింది.

"మీ పక్క బోర్లు వేసినారా?" అని అడిగింది.

మా పక్క బోరు వేయని చేను లేదు. మా నాయనే మూడు వేయించాడు.

"బోరు పడిన రోజు ఎన్ని ఇంచులు పోసింది?"

"నాలుగు."

"నెలకి?"

"గంట పోసి, గాలి కక్కేది."

"ఆ నాలుగు నమ్ముకుని మీ నాయన వరి పెట్టినాడా?"

"పెట్టినాడు. ఎండిపోయింది."

"అంతేనప్పా. పెట్టె మీది నూరు బోరు పడిననాటి నీళ్ళు. ఒక్క రెప్పపాటు మోస్తాది, అది అబద్ధం కాదు. కానీ నువ్వు మూడు దినాలు మోయించినావు. దీని కాయిలు పది వాట్లకి చుట్టిండారు, అంతే." స్పీకరు వెనకకు తిప్పి, అయస్కాంతం మీద గోరంత ముద్ర చూపించింది. పది అని నిజంగానే ఉంది. ఎవరూ చూడని చోట ఉంది.

"ఇంగోటుండాది" అంది. "నీ బూస్టరుకి కూడా ఒక హద్దుంటాది. హద్దు దాటి తిప్పితే అది పాటను నిండుగా ఇయ్యలేదు, చించి ఇస్తాది. చినిగిన పాట కాయిలుని ఊపిరి తిప్పుకోనీదు. మంచి స్పీకరైనా ఉడికిపోతాది. పాట గరుకైందని చెవికి తెలిసినప్పుడు రోంత వెనక్కి తిప్పల్ల. వాట్లు చూసి కొను, చెవితో వాడు."

ఆ తర్వాత ఆమె 'ఎంతసేపు' అనే మాటను ఎక్కడెక్కడ వాడుతుందో గమనించడం నాకు సరదా అయిపోయింది. పక్కింటి కోడలు తన మొగుడు తాగుడు మానేశాడని చెబితే, "మంచిదమ్మా, ఎంతసేపైంది?" అంది. ఎన్నికలకు వచ్చిన ఒక పెద్దమనిషి ఈ వీధికి కుళాయి వేయిస్తానంటే లోపలి నుంచే, "నీళ్ళు ఎంతసేపొస్తాయి సామీ?" అని అడిగింది. వరండాలో ఉన్నవాళ్ళు నవ్వారు. ఆమె నవ్వించడానికి అడగలేదు.

ఆ కరెంటు లేని రోజునే, కాలిన స్పీకర్లలో ఒకటి ఆమె దగ్గర వదిలి, రెండోది పట్టుకుని బస్టాండు అంగడికి వెళ్ళాను. విన్నదంతా అంగడాయనకు చెప్పాను. ఎవరు చెప్పారంటే మాత్రం మేస్త్రి పేరు చెప్పాను.

అంగడాయనకు కోపమొచ్చింది. "వరండాలో రేడియోలు బాగుచేసే మనిషి మాటలు పట్టుకుని వచ్చినావా? ఆయప్ప స్పీకరూ నా స్పీకరూ నీ కారులోనే పెడదాం. ఏది నిలుస్తాదో ఊరు చూడనీ" అన్నాడు. ఊరికే అన్నాడనుకున్నాను. సోమవారం పొద్దున కొత్త పెట్టె చంకన పెట్టుకుని నిజంగానే మగ్గాల వీధికొచ్చాడు.

మేస్త్రి తెరవైపు చూశాడు. "ఊఁ అను" అంది తెర.

నా అంబాసిడర్ వీధి మధ్యలో నిలిపాం. వెనక సీటు పైన ఎడమవైపు అంగడాయన నూరు వాట్లది, కుడివైపు నేను వదిలి వెళ్ళిన కాలినదే, ఆమె మళ్ళీ చుట్టి పదిహేను వాట్లు మోసేలా చేసినది. ఒకే బూస్టరు, ఒకే పాట. డోలు, నాదస్వరం ఉన్న క్యాసెట్టు పెట్టాను. వీధిలో మగ్గాల చప్పుడు ఒక్కొక్కటిగా ఆగింది. మగ్గం గుంతల్లోంచి లేచి నేతగాళ్ళు అరుగుల మీదికొచ్చారు.

మొదట్లో అంగడాయనదే గట్టిగా మోగింది. స్పష్టంగా తెలిసింది. "మేస్త్రీ, పాయె" అని ఎవరో అరిచారు. అంగడాయన కిటికీలోంచి చేయి పెట్టి బూస్టరు మొత్తం తిప్పేశాడు. పాట గరుకెక్కింది. ఆమె స్పీకరుకు కూడా అది మంచిది కాదని నాకు తెలుసు. తెర కింద ఆమె పాదాలు కనిపిస్తున్నాయి, కదలడం లేదు.

క్యాసెట్టు ఒక వైపు అయ్యాక రెండో వైపు తిప్పాను. బ్యాటరీ దిగిపోకుండా ఇంజను ఆడిస్తూనే ఉన్నాను. నాలుగు వైపులు అయ్యాయి. ఎండ నడినెత్తికి వచ్చింది. సగం మంది మగ్గాల దగ్గరికి వెళ్ళిపోయారు.

ఐదోవైపు మధ్యలో తెర తొలిగింది. ఆమె బయటికొచ్చింది. కొంగు నడుముకు దోపుకుని, ఎవరినీ చూడకుండా నడిచి, కారు వెనక డిక్కీ తెరిచి, లోపలికి వంగి, చెరో చేత్తో రెండు స్పీకర్ల వెనకాలా తడిమింది.

"నాది వెచ్చగుండాది" అంది అంగడాయనతో. "నీది కాలిపోతాంది. ఇప్పుడాపితే బతుకుతాది. ఆపుదామా అన్నా?"

అందులో ఎగతాళి లేదు. రోగి పక్కన నిలబడినట్టు అడిగింది. అంగడాయన ముఖం ఎర్రబడింది.

"మగోళ్ళ పందెంలోకి మేస్త్రి పెండ్లాం ఎందుకొచ్చినట్టు? ఆడమనిషికి వాట్లేం తెలుసు?"

వరండాలోంచి మేస్త్రి లేచాడు. ఎప్పుడూ స్క్రూడ్రైవరు పట్టుకుని ఉండే మనిషి దాన్ని బల్లమీద పెట్టాడు. మెట్లు దిగి వచ్చి, రెండు చేతులూ ముందుకు చాపి వీధివైపు పట్టుకున్నాడు. గాలికి రెపరెపలాడే ఆకుల్లా వణుకుతున్నాయవి.

"అందరూ చూడండప్పా" అన్నాడు. "రెండేండ్లుగా ఈ చేతులు ఒక్క స్పీకరు కూడా చుట్టలేదు. మీ ఇండ్లలో మోగుతాండే రేడియోలన్నీ ఆయమ్మ చేసినవే. నేను బల్ల దగ్గర కూర్చుని పేరు తిన్నా. మేస్త్రి ఆయమ్మే. నన్ను ఇంగ అట్ల పిలవొద్దండి."

పాట ఒక్కటే మోగుతోంది. ఆమె మొగుడి దగ్గరికి వెళ్ళి, చాపిన ఆ చేతులు పట్టుకుని కిందికి దించింది. "చాల్లే, కూర్చో. ఎండ" అంది.

ఆరోవైపు మొదలైన కాసేపటికి ఎడమ స్పీకరు నాలుగుసార్లు దగ్గి ఆగిపోయింది. కుడిది డోలు వాయిస్తూనే ఉంది. ఎవరూ చప్పట్లు కొట్టలేదు. ఒక ముసలి నేతగాడు మాత్రం అరుగు దిగి వచ్చి, "అమ్మా, మా ఇంట్లో రేడియో ఒకటి ఆర్నెల్లుగా పలకడం లేదు. తెచ్చేదా?" అని నేరుగా ఆమెనే అడిగాడు.

ఆ రోజు తర్వాత ఆ గుమ్మానికి తెర కట్టలేదు. ఆమె పని చేస్తుంటే మొగుడు పక్కనే కూర్చుని, వచ్చినవాళ్ళకు టీ పోయించి, సామాను మీద చీటీలు అంటించేవాడు. ఇదివరకటికన్నా ఎక్కువ మాట్లాడేవాడు, నవ్వేవాడు. పదిహేను రోజులకు బస్టాండు అంగడాయన గోనెసంచిలో కాలిన స్పీకర్లు ఆరు మోసుకొచ్చాడు. ఆమె ఒక్క మాట తూలలేదు. "అయస్కాంతాలు మంచివేనన్నా. కాయిలు నేను చుట్టిస్తా. అమ్మేటప్పుడు చిన్నంకె చెప్పి అమ్ము" అంది. ఆయన మొదట గొణిగాడు. తర్వాత అలాగే అమ్మాడు.

ఆ తర్వాత వరసగా రెండేళ్ళు వానలు పడలేదు. వేరుశనగ భూమిలోనే మాడిపోయింది. పంట లేక పెళ్ళిళ్ళు లేవు, పెళ్ళిళ్ళు లేక చీరలు లేవు. నా టాక్సీ స్టాండులోనే ఉండేది. మగ్గాల వీధిలో పట్టపగలు నడుస్తుంటే నా చెప్పుల సద్దు నాకే వినపడేది. కొన్ని ఇళ్ళకు తాళాలు పడ్డాయి.

ఒకరోజు వెళ్ళేసరికి ఆమె చుట్టూ నలుగురు ఆడవాళ్ళు కూర్చుని ఉన్నారు. అందరూ నేతింటి వాళ్ళే. అందరి పెదాల మధ్యా రాగితీగలు. "దారం లేకపాయె. వేళ్ళున్నాయి కదా" అంది ఆమె. నెలరోజుల్లో పన్నెండు వాట్లు మోసే కాయిళ్ళు రెండువందలు చుట్టారు. వాటిని బెంగళూరులో స్పీకర్లు తయారుచేసేవాళ్ళకు అమ్మాలని ఆమె ఆలోచన. నేను కారు తీశాను. ఆమె మొగుడు ముందు సీట్లో, ఆమె వెనక సీట్లో, ఒళ్ళో కాయిళ్ళ డబ్బా. అన్నేళ్ళలో ఆమె నా కారెక్కడం అదే మొదటిసారి.

మొదటి చోట యజమాని కాయిళ్ళు చూసి ముచ్చటపడ్డాడు. అన్నీ కావాలన్నాడు. "కానీ నేను అరవై వాట్లని ముద్ర వేస్తా. మీరు పన్నెండని ఎవరికీ చెప్పకూడదు" అన్నాడు.

ఆమె డబ్బా మూత పెట్టేసింది. ఊళ్ళో నలుగురు ఎదురుచూస్తున్నారని నాకు తెలుసు. "అక్కా, ముద్ర ఆయప్ప వేసుకుంటాడు. మనకేం?" అన్నాను.

"మోయలేనిది మోస్తాదని చెప్తే, కాలిపోయేది ఆయప్ప ముద్ర కాదప్పా. మన ఆడోళ్ళు చుట్టిన కాయిలు" అంది. లేచి బయటికి నడిచింది.

రెండోచోట లోపలికే రానివ్వలేదు. మూడోచోట ఒక వయసాయన కాయిలును భూతద్దంలో చూసి, దానికి రెండు తీగలు తగిలించి, గంటసేపు మమ్మల్ని బెంచీమీద కూర్చోబెట్టి పరీక్షించాడు. చివరికి కన్నడంలో, "పన్నెండు అన్నారు, పదమూడు మోస్తోంది" అన్నాడు. రెండువందలూ తీసుకుని, నెలనెలా పంపమన్నాడు. మెట్లు దిగుతూ ఆమె ఖాళీ డబ్బా మూత రెండుసార్లు తీసి చూసింది.

తిరుగుదారిలో పెనుకొండ దగ్గరపడేసరికి పొద్దు వాలుతోంది. కొండ ఎర్రగా కనిపిస్తోంది. ముందు సీట్లో ఆయన కునుకు తీస్తున్నాడు. నేను క్యాసెట్టు పెట్టాను. ఒక ఆడగొంతు పాట. అద్దంలో చూస్తే ఆమె అలవాటుగా తల పక్కకు వంచి, కళ్ళు మూసుకుని వింటోంది. ఎక్కడో ఏదో రాసుకుంటోందని చెబుతుందని ఎదురుచూశాను. పాట అయిపోయింది.

"ఏమక్కా, యాడన్నా తప్పుండాదా?" అని అడిగాను.

"తప్పు కోసం వినలేదప్పా" అంది. గొంతు కొత్తగా ఉంది. "ఇన్నేండ్లు సద్దు విన్నా. పాట ఇప్పుడే విన్నా. రోంత ఇంగోసారి పెట్టు."

నేను కారు పక్కకు ఆపి, క్యాసెట్టు వెనక్కి తిప్పాను.